కనుమదారిలో వెనుక చక్రము



విశాఖపట్టణమునుండి అరకు పోవు పాతకారు ఒకదానిలో, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరువరకు గల చదునుదారిలో, వెనుకసీటున కూర్చున్నవారి చెవికి, టైర్ల చప్పుడునకు భిన్నముగా, ఇంజను రొదతో సంబంధము లేకుండ, వేగము హెచ్చినకొలది హెచ్చుచు తగ్గినకొలది తగ్గుచు, గుయ్యిమను నొక ఏకస్వరము వినవచ్చినదనుకొందము. బొడ్డవరము వెనుకబడి కనుమ మొదలై, దారి ఎడమకు తిరిగినపుడు ఆ ధ్వని గరగరగా మాఱి, కుడికి తిరిగినపుడు ఇంచుమించు అణగిపోయినచో, ఆ కారు తన కుడివైపు వెనుకచక్రపు బేరింగు జీర్ణించినదని తానే చెప్పుచున్నదన్నమాట. వాహనము ఎడమకు మళ్లునపుడు దాని బరువు కుడిచక్రములమీదికి ఒరగును. అరిగిన బేరింగు ఆ ఒత్తిడికి మూలుగును. పాటపెట్టె శబ్దమును పెంచి ఈ మూలుగును కప్పిపుచ్చుకొని కొండ యెక్కువారిని చాలమందిని చూచియున్నాను. నేటి ప్రసంగము ముఖ్యముగా వారిని ఉద్దేశించినది.

ఆ కనుమలోని బొర్రా గుహలు సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నవి. కాని అచటికి పోవు కారు ఆ యెత్తు నొక్కసారి ఎక్కి ఊరకుండునది కాదు. టైడా మీదుగా అనంతగిరి వైపు ఎక్కి, ప్రధానమార్గమును విడిచి, గోస్తనీనది సున్నపురాతిని తొలిచిన ఆ లోయలోనికి మరల దిగి, గుహలను చూచిన పిమ్మట అదేదారిని తిరిగి ఎక్కి, కట్టకడపట మైదానమునకు దిగవలసియుండును. విహారమునకై వచ్చువారి మాట యట్లుండగా, ఆ కొండలలోనే కాపురముండి, పసుపును అల్లమును మిరియములను సంతకు చేర్చుటకును, రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకును పాతజీపునో పాతకారునో నమ్ముకొని జీవించువారికి ఈ ఎక్కుదిగుళ్లు నిత్యకృత్యములు. మనదేశమున సొంతవాహనమునకు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును; తరువాత పరీక్షకు నిలిచి, అయిదేసి సంవత్సరములకొకమారు దానిని పొడిగించుకొనవలెను. ఆ గడువు దాటి ఇంకను సేవచేయుచున్న వాహనములయెడ నాకు మిక్కిలి గౌరవము కలదు. పాతదగుట వాహనమునకు దోషము కాదు. పాతదానిని క్రొత్తదానివలె నిర్లక్ష్యముగా వాడుటయే దోషము.

ఇట్టి వాహనములలో మారుతి 800ను ఉదాహరణముగా గైకొందును. 1983 డిసెంబరులో మొదటి కారు యజమాని చేతికి వచ్చినది మొదలు 2014లో నిర్మాణము ఆగువరకు, మధ్యతరగతి కుటుంబములను ఈ దేశమున కారెక్కించినది ఇదియే. ఇందు ఇంజను త్రిప్పునది ముందు చక్రములను మాత్రమే. వెనుక చక్రములకు భారము మోయుట, బ్రేకు వేసినపుడు నిలుచుట అను రెండు పనులే కలవు. కావున దీని వెనుక బేరింగు మార్పు, అంబాసిడరు, పద్మినీ కార్లలోవలె యాక్సిల్ షాఫ్టును ఊడబెఱుకవలసినంతటి పెద్దపని కాదు. బ్రేకు డ్రమ్మే హబ్బుగా నుండి, దాని గర్భమున రెండు బంతి బేరింగులు, వాని నడుమ స్పేసరు అను నొక ఉక్కుగొట్టము అమరియుండును. ఈ డ్రమ్ము, కదలని ఇరుసుకొమ్ముమీద తిరుగును. ఇంతే దాని నిర్మాణము.

ఇంత సరళమైన యంగము కొండదారిలో త్వరగా చెడుటకు కారణమేమి? బేరింగునందు వెలుపల నొక వలయము, లోపల నొక వలయము, నడుమ ఉక్కుగుండ్లు, అవి ఒకదానినొకటి రాచుకొనకుండ పట్టియుంచు పంజరము ఉండును. నూటికి ఇంచుమించు ఒకపాలు కర్బనమును, ఒకటిన్నరపాలు క్రోమియమును గల ఉక్కును కఠినపఱచి, అద్దమువలె నునుపు చేసి వీనిని చేయుదురు. గుండు వలయమును తాకుచోటు గోరుకొనకంటె చిన్నది; కారు బరువంతయు అట్టి స్వల్పస్థానములమీదనే నిలుచును. బంతి బేరింగు ఆయువు భారముయొక్క ఘనమునకు విలోమముగా నుండునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు లుండ్‌బర్గ్, పాల్మ్‌గ్రెన్ 1947లో నిరూపించిరి. అనగా భారము రెండింతలైనచో ఆయువు సగము కాదు, ఎనిమిదవవంతునకు పడిపోవును. నలుగురు కూర్చుండవలసిన కారులో ఏడుగురిని కూర్చుండబెట్టి, డిక్కీలో బస్తాలు వేసి, మలుపుమలుపునకు ఒక ప్రక్కకు ఒరిగించుచు నడపినపుడు ఆ బేరింగు చేయు లెక్క ఇది.

భారమొక్కటియే గాదు, తాపమును కలదు. దిగుడులో బ్రేకుపై కాలు తీయకుండ వచ్చువాని డ్రమ్ములు కమరువాసన కొట్టునంతగా వేడెక్కును. ఆ వేడిమి డ్రమ్ములోనే యున్న బేరింగునకు ప్రాకి, కందెనను పలుచన చేసి, దానిని లోపల నిలిపియుంచు సీలుగుండ బయటికి జాఱజేయును. ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగుమని పాతడ్రైవర్లు చెప్పు నియమము బ్రేకులను మాత్రమే గాక బేరింగులను కూడ కాపాడును. ఇక మూడవశత్రువు నీరు. వానకాలమున కొండవాగులు, ఆ ప్రాంతమువారి మాటలో గెడ్డలు, దారికడ్డముగా పొర్లుచుండును. దిగుడులో కాగిన హబ్బు ఒక్కసారిగా చల్లనినీట మునిగినపుడు, లోపలి గాలి సంకోచించి, వెలితిని పూడ్చుకొనుటకై సీలు అంచునుండి నీటిని లోనికి పీల్చును. ఆ నీటిబొట్టు అప్పటికి ఏ శబ్దమును చేయదు. కారు వారముదినములు కదలక నిలిచియున్నపుడు, గుండు ఆనియున్న చోటనే త్రుప్పుమచ్చ వేసి, తరువాత ఏ నెలకో మూలుగై బయటపడును.

ఇరుసు బేరింగులను గూర్చియు, మలుపులలో పుట్టు ప్రక్కత్రోపుడును గూర్చియు మనకంటె ముందు గుఱ్ఱపుబండ్ల కాలమువారు విచారించిరి. వేల్సు దేశమున ఫిలిప్ వాన్ అనునాతడు బండి యిరుసునకు గుండ్ల బేరింగు అమర్చు విధానమునకు 1794లోనే పేటెంటు పొందెను. అమెరికాలో బండ్లు కట్టు వృత్తిలోనే ధనము గడించిన హెన్రీ టింకెన్, బరువు మోయుచునే ప్రక్కత్రోపుడునకును ఓర్చునట్లు, ఒకవైపు సన్నగిల్లిన రోలర్లతో చేసిన బేరింగునకు 1898లో పేటెంటు సంపాదించెను. నేటికిని జీపులలోను లారీలలోను చక్రములను మోయునవి ఎక్కువగా ఆ జాతివే.

బొర్రా కనుమలలో మఱియొక దారి కలదు; అది ఇనుపదారి. బైలడిల ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960వ దశకమున వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గమున, సొరంగములను దాటుచు బరువుబండ్లు శిమిలిగుడ మిట్టనుండి మైదానమునకు దిగుచుండును. బండి ఆగకుండ పోవునపుడు స్టేషనులోని ఉద్యోగి జెండా చేతబట్టి నిలిచి, ఇరుసులలో ఏదేని కాగి పొగలు గ్రక్కుచున్నదా, వింతచప్పుడు చేయుచున్నదా యని చూచుట రైల్వేలో విధి. వేలటన్నుల బండికి విధించిన ఆ జాగ్రత్తలో శతాంశమైనను, మన పిల్లలు కూర్చుండు కారునకు మనమేల చూపరాదు?

ఇక పరీక్ష. మలుపు పరీక్షను చెప్పియేయున్నాను. దారి నునుపైనపుడు మాఱు శబ్దము టైరుది. దారి ఎట్లున్నను మాఱక, గేరును తటస్థస్థానమున ఉంచినను తగ్గక, మలుపుతో మాత్రము మాఱునది బేరింగుది. వెనుకచక్రమును జాకీపై లేపి, ఒకచేయి స్ప్రింగుపై నుంచి, మఱొకచేత చక్రమును మెల్లగా త్రిప్పినచో, బాగున్న బేరింగు నిశ్శబ్దముగా జాఱును. చెడినది చోళ్లు విసరు తిరుగలివలె చేతికే గరగరలాడును. పిమ్మట చక్రమును పైన క్రింద పట్టుకొని ఊపవలెను. గరగర మాత్రమే యుండి ఊగుడు లేనిచో, బరువు దింపి, మెల్లగా నడుపుకొని శృంగవరపుకోటకో అరకునకో చేరవచ్చును. చక్రము ఊగుచున్నచో మాత్రము, బొర్రాలోనే యున్నను, అనంతగిరిలోనే యున్నను, కారును అచటనే నిలిపి మెకానిక్కును పైకి రప్పింపుడు. ఒకదిన మాలస్యమగునని, డబ్బు ఖర్చగునని సంశయింపవలదు. ఊగు చక్రముతో కనుమ దిగుటను నేను ఏ పరిస్థితిలోను సమర్థింపజాలను.

పనికి చదునైన గట్టినేల కావలెను, కొండవాలు పనికిరాదు. వెనుకచక్రమును లేపునపుడు చేతిబ్రేకు మనకు తోడ్పడదు, ఏలయనగా ఆ బ్రేకు పట్టునది మనము ఊడదీయవలసిన డ్రమ్మునే. కావున చేతిబ్రేకును విడిచి, కారును మొదటి గేరులో నుంచి, ముందు చక్రములకు ఇరువైపుల రాళ్లు పెట్టవలెను. చక్రపు నట్లను నేలమీద నుండగనే ఒక త్రిప్పు వదులుచేసి, పిదప లేపవలెను. లేపినంతనే కారుక్రింద స్టాండుగాని, దృఢమైన కొయ్యదుంగనుగాని నిలుపవలెను. ఒక్క జాకీని నమ్మి కారుక్రింద చేయిపెట్టువాడు, వాడెంతటి పనివాడైనను, సాహసి కాడు, అవివేకి.

చక్రము తీసినపిదప నడుమనున్న చిన్న మూతను స్క్రూడ్రైవరుతో చుట్టును కొద్దికొద్దిగా తట్టి ఊడదీసినచో నట్టు కనబడును. అది వదులు కాకుండ నడుమ స్ప్లిట్ పిన్ను దూర్చి కొనలు వంచియుందురు; ఎద్దుబండి చక్రము జాఱిపోకుండ మనవారు కొట్టు కడచీల చేయు పనియే ఇదియు చేయును. పిన్నును చక్కజేసి లాగివేసి, నట్టును విప్పి, డ్రమ్మును లాగవలెను. చిరకాలము వాడిన డ్రమ్మునకు లోపలి అంచున మిట్ట ఏర్పడి బ్రేకు లైనర్లను పట్టుకొనును. లైనర్లను లోనికి సడలించినగాని అది రాదు. రాలేదని ఇనుపసుత్తితో అంచును మోదినచో డ్రమ్ము పగులును. డ్రమ్ము బయట నున్నంతసేపు ఎవ్వరును బ్రేకు పెడలును త్రొక్కరాదు. త్రొక్కినచో వీల్ సిలిండరు పిస్టన్లు బయటికి దూకి పని రెట్టింపగును. లోపల పేరుకొన్న ధూళిని నోటితో ఊదరాదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండుట కద్దు. అది ఊపిరితిత్తులలో చేరిన మరల రాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పాఱవేయవలెను.

పాత బేరింగును తీయుటకు స్పేసరును ఒకప్రక్కకు కొద్దిగా జరిపి, ఆవలివైపునుండి మెత్తనిలోహపు కడ్డీని లోపలి వలయపు అంచునకు ఆనించి, ఒకచో ఒకదెబ్బ, ఎదురుచో మఱొకదెబ్బ వేయుచు, వంకర పోకుండ వెలికి త్రోయవలెను. వచ్చినదానిని వెంటనే తుక్కులో పాఱవేయు అలవాటు నాకు నచ్చదు. కిరసనాయిలుతో కడిగి, వెలుతురున పట్టి చూడుడు. వలయములు నీలివన్నెకు తిరిగియున్నచో తాపము దానిని చంపినది. బ్రేకులను, దిగుడున మీ అలవాటును విచారించుకొనవలెను. ఎఱ్ఱని త్రుప్పుచారలున్నచో నీరు ప్రవేశించినది. సీలును, మూతను అనుమానింపవలెను. నునుపైన త్రోవలో పొలుసులుగా లేచియున్నచో అది ఉక్కు అలసట, దీర్ఘసేవకు గుర్తు. గుండ్ల యెడముతో సమానమైన యెడమున వరుసగా చిన్నగుంటలున్నచో మాత్రము, వెనుకటిసారి దానిని అమర్చిన చేయి సుత్తితో తప్పుచోట కొట్టినదని నమ్మవచ్చును. ఈ నాలుగింటిలో ఏది కనబడినదో తెలియక క్రొత్తది వేసినచో, మరల ఈ ప్రసంగమే అవసరమగును.

క్రొత్తదానిని కొనునపుడు బేరింగు ముఖమున చెక్కిన సంఖ్యను చూచి కొనవలెను. 6205 అని యున్నచో చివరి రెండంకెలను అయిదుచే హెచ్చింపగా వచ్చిన 25 మిల్లీమీటర్లు దాని రంధ్రపు వ్యాసము. దాని వెలుపలి వ్యాసము 52, మందము 15 మిల్లీమీటర్లు. 04 మొదలు పైకి ఈ లెక్క సామాన్యముగా చెల్లును. దుకాణదారు పెట్టెమీది పేరు చూపి ఒప్పించినను, పాతదానిపై నున్న సంఖ్యయు క్రొత్తదానిపై నున్న సంఖ్యయు ఒకటి కానిచో తీసికొనరాదు. పేరుపొందిన ముద్రలతో నకిలీలు అమ్ముడగుచున్నవి గనుక, బిల్లు ఇచ్చుచోటనే కొనుట మేలు. డ్రమ్మునకు రెండు బేరింగులు. చెడినది ఒకటియే యైనను రెంటిని మార్పవలెను, ఆయిల్ సీలును తప్పక మార్పవలెను. ఎదుటివైపు చక్రమును పరీక్షించి, బాగున్నచో దాని జోలికి పోనక్కరలేదు.

అమర్చుటయందే సర్వమును కలదు. ఇంతసేపు నేను చెప్పినదంతయు మఱచినను ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొనుడు: ఏ వలయము బిగువుగా దిగవలెనో ఆ వలయముమీదనే బలమును ప్రయోగింపవలెను. ఇచట డ్రమ్ములో బిగువుగా కూర్చుండునది వెలుపలి వలయము. సుత్తి లోపలి వలయముమీద పడినచో, ఆ దెబ్బ గుండ్లద్వారా వెలుపలి వలయమునకు పోవలసివచ్చి, ఆ దారిలో గుండ్లు అద్దమువంటి త్రోవను గుంటలు పడనొక్కును. కంటికి ఏమియు కనబడదు. చేతితో త్రిప్పిన హాయిగా తిరుగును. అయినను అది దుకాణమునుండి వచ్చిన గంటలోనే వృద్ధాప్యమును పొందినదన్నమాట. ఒత్తుయంత్రము లేనిచో, వెలుపలి వలయమునకు సరిపోవు గొట్టపుముక్కను గాని, పాత బేరింగుయొక్క వెలుపలి వలయమునే గాని ఆనించి, చుట్టును సమముగా తట్టుచు దింపవలెను. అడుగునకు చేరినపుడు సుత్తిచప్పుడు బరువెక్కి గట్టిగా పలుకును, అచట ఆగవలెను. ఒకవైపు బేరింగు దిగిన పిదప స్పేసరును పెట్టి, తరువాతనే రెండవదానిని దింపవలెను. స్పేసరును మఱచిన మెకానిక్కులు లేకపోలేదు. అపుడు నట్టు బిగింపు బరువంతయు గుండ్లపై పడి, బేరింగు తనను తానే నలుగగొట్టుకొనును.

శుభ్రత ఇంతకు తక్కువది కాదు. దారిప్రక్క రేగడిదుమ్ములో పరచిన గోనెసంచిపై బేరింగును దొర్లించి, అదే చేతితో గ్రీజు పూయుట నిత్యము చూచుచున్నాము. ఇసుకరేణువొకటి లోపలికి పోయినచో కందెన అరగదీయు లేపనముగా మాఱును. పొట్లమును అమర్చుదాక విప్పరాదు. ముఖములు మూసియున్న బేరింగునకు లోపల కందెన నింపియే పంపుదురు, దానిని కడుగరాదు. తెఱచియున్నదానికి లిథియం గ్రీజును వ్రేలితో గుండ్ల నడుమకు ఎక్కించి, రెండు బేరింగుల నడుమనున్న బోలును సగమువఱకే నింపవలెను. నిండుగ కూరినచో చల్లగా నుండునని తలచుట పొరపాటు; ఎక్కువైన గ్రీజు చిలుకబడి తానే వేడిని పుట్టించును. పాతగ్రీజుమీద వేఱుజాతి గ్రీజును కలుపుటయు తగదు.

నట్టు బిగింపులో రెండు సంప్రదాయములు కలవు. వీనిని కలగలుపుట ప్రమాదము. స్పేసరుగల బంతి బేరింగులలో, ఆ కారునకు నిర్ణయించిన త్రిప్పుబలమునకు, అనగా టార్కుకు, సరిగా, గట్టిగా బిగింపవలెను. జీపులలోని టింకెన్ జాతి రోలర్లను అట్లు బిగించినచో కొన్ని కిలోమీటర్లలోనే కాలిపోవును. చక్రమును త్రిప్పుచు బిగించి, మరల కొద్దిగా వదలి, కనీకనబడని సడలిక నుంచవలెను. జీపులపై చేయి తిరిగినవాడు కారునట్టును వదులుగా విడుచుటయు, కార్లపై చేయి తిరిగినవాడు జీపునట్టును బిగదీయుటయు మన దారులలో జరుగుచున్నవే. బిగించిన పిమ్మట క్రొత్త స్ప్లిట్ పిన్నునే వేయవలెను. ఒకసారి వంచి చక్కజేసిన పిన్ను ఖరీదు మిగిల్చి కొండదారిలో చక్రమును పణమొడ్డుట లెక్క యెరిగినవారి పని కాదు.

చక్రము ఎక్కించి, నట్లను ఎదురెదురుగా బిగించి, బ్రేకు సడలికను సరిచేసి, పెడలు గట్టిపడువరకు త్రొక్కిన తరువాత, ముందుగా చదునుదారిలో కొన్ని కిలోమీటర్లు నడిపి, ఆగి, హబ్బును చేతితో తాకి చూడవలెను. బ్రేకు ఎక్కువ వాడకున్నను అది చేయి పెట్టలేనంత వేడిగా నున్నచో బిగింపులోనో అమరికలోనో లోపము కలదు, ముందునకు పోరాదు. గోరువెచ్చగా నుండి, రెండవవైపు హబ్బుతో సమానముగా నున్నచో కనుమ ఎక్కవచ్చును. బొర్రా చూచి దిగి వచ్చిన మొదటి ప్రయాణముననే, శృంగవరపుకోటలో కారును నిలిపి, చల్లారనిచ్చి, చక్రమును మరల లేపి ఊపి చూచి, చక్రపు నట్లను ఇంకొకసారి బిగింపుడు. మూతయంచున గ్రీజు చిమ్మినదేమో చూడుడు. చిమ్మియున్నచో మూత సరిగా కూర్చుండలేదు. వానలు మొదలు కాకమునుపే దానిని విప్పించి సరిచేయించుకొనుడు.